పైరు ఒకరిది, పైకం ఒకరిది

నెల్లూరు జిల్లాలో వడ్ల బేరమంతా పుట్టి లెక్కన సాగుతుంది. పుట్టికి 850 కిలోలు. ఎవరైనా క్వింటాలు ధర చెబితే కళ్లంలో ఉన్న మనిషి దాన్ని మనసులో ఎనిమిదిన్నరతో హెచ్చవేసుకుని గానీ ఊఁ అనడు. ప్రభుత్వం రైతు ఖాతాలో వేసే పెట్టుబడి సాయాన్ని కూడా అదే లెక్కన చూద్దాం. 2025-26కు గ్రేడ్-ఎ ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే పుట్టికి 20,306. రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ రెండూ కలిపి ఏడాదికి రైతు కుటుంబానికి ఇస్తామన్నది 20,000. ఇంచుమించు ఒక పుట్టి వడ్ల ధర.

రెండెకరాల కయ్య చేసుకునే మనిషికి ఇది తక్కువ మొత్తం కాదు. దమ్ముకు ట్రాక్టరు బాడుగ, నాటు కూలి, మొదటి దఫా ఎరువు కట్టలు అందులోంచి వెళ్లిపోతాయి. వేళకు చేతికందితే వడ్డీకి తెచ్చుకునే అప్పు ఆ మేరకు తగ్గుతుంది. అందుకే ఆ పుట్టి ఎవరి ఇంటికి చేరుతోందని అడగాల్సి వస్తోంది.

కోవూరు దాటి విడవలూరు వైపు గానీ, నెల్లూరు నుంచి ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు మీదుగా సముద్రం వైపు గానీ నాట్ల రోజుల్లో వెళ్లి చూడండి. గట్టు మీద నిలబడి నీళ్లు మళ్లిస్తున్న మనిషిని ఈ పొలం ఎవరిదని అడిగితే ఒక పేరు చెబుతాడు. చాలాసార్లు అది అతని పేరు కాదు. ఆ పేరున్న మనిషి నెల్లూరు టౌన్లోనో, చెన్నైలోనో, బెంగళూరులోనో, ఇంకా దూరాన అమెరికాలోనో ఉంటారు. జాతీయ నమూనా సర్వే 77వ విడత 2018-19లో లెక్క తీస్తే దేశంలో కౌలు భూమి ఉన్న సాగు కమతాలు 17 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం. దేశంలోకెల్లా ఎక్కువ మనదే. నీటి వసతి ఉన్న మాగాణిలో కౌలుకు గిరాకీ మరీ ఎక్కువ. సోమశిల నీళ్లు వచ్చే పెన్నా డెల్టాలో కౌలు రైతు లేని ఊరు వెతికినా దొరకదు.

ప్రభుత్వ సాయం మాత్రం 1-బీ అనే భూమి రికార్డు చూసి వస్తుంది. పట్టాదారు పేరు, ఖాతా నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా. ఈ నాలుగూ కుదిరితే డబ్బు పడుతుంది. కయ్యలో ఎవరున్నారన్నది ఆ నాలుగింటిలో లేదు.

కాకుటూరులో మొదలైన కథ

నేరుగా ఖాతాలో సొమ్ము వేసే ఈ పద్ధతికి నెల్లూరుతో దగ్గరి సంబంధం ఉంది. 2019 అక్టోబరు 15న వైఎస్సార్ రైతు భరోసా పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించింది ఈ జిల్లాలోనే, వెంకటాచలం మండలం కాకుటూరులో, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఆవరణలో. కేంద్రం ఇచ్చే 6,000తో కలిపి ఏడాదికి 13,500. ఆ ఏడాది గ్రేడ్-ఎ మద్దతు ధరకు అది పుట్టి కన్నా తక్కువే. అంతకు కొన్ని నెలల ముందు, ఎన్నికల ముంగిట, చంద్రబాబు నాయుడు ప్రభుత్వం అన్నదాత సుఖీభవ పేరుతో డబ్బు వేసింది. అదే పేరు 2025 ఆగస్టు 2న దర్శి దగ్గర వీరాయపాలెంలో మళ్లీ మొదలైంది. ఈసారి రాష్ట్ర వాటా 14,000, లబ్ధిదారులు 46.85 లక్షల కుటుంబాలు. పేర్లు మారాయి, రంగులు మారాయి, మొత్తం పెరిగింది. అన్నింటికీ ఆధారం మాత్రం పట్టాదారు జాబితానే.

కేంద్రం సంగతి ఇంకా సూటిగా ఉంది. 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో మొదలుపెట్టిన పీఎం కిసాన్‌లో కౌలు రైతుకు చోటే లేదు. మొదట రెండు హెక్టార్ల లోపు వాళ్లకే అన్నారు. అదే ఏడాది జూన్‌లో ఆ పరిమితి ఎత్తేసి భూమి ఉన్న వాళ్లందరికీ తలుపు తీశారు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, నెలకు 10,000, ఆపైన పింఛను తీసుకునే వాళ్లు, ప్రభుత్వోద్యోగులు, డాక్టర్లు, లాయర్లు వద్దన్నారు. అయినా వెళ్లింది. 42.16 లక్షల మంది అనర్హులకు 2,992 కోట్లు పోయాయని 2021 జులైలో కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. పొరపాటున అన్ని లక్షల మందికి వెళ్లిన డబ్బు, సాగు చేస్తున్నాడని ఊరంతా ఎరిగిన మనిషికి పొరపాటున కూడా వెళ్లలేదు. అతనికి ఆ జాబితాలో గడే లేదు మరి.

రాష్ట్రం కొంత నయమనే చెప్పాలి. రైతు భరోసాలో కౌలు రైతులను చేర్చి, కేంద్రం వాటా కూడా తానే పెట్టుకుని మొత్తం 13,500 ఇస్తామంది. అది మంచి నిర్ణయం. కానీ దానికి రెండు కంచెలు వేసింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకే అన్నది మొదటిది. ఓసీ ఇంట పుట్టి, సెంటు భూమి లేక మూడెకరాలు కౌలుకు చేసుకునే వాళ్లు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. వాళ్లకు సాయం దక్కలేదు. అదే కులం పట్టాదారుకు మాత్రం దక్కింది. రెండో కంచె సాగుదారు హక్కు కార్డు. దాని కథ వేరే చెప్పుకోవాలి.

ఫలితం ఏమిటో 2023లో తెలిసింది. జూన్ 1న తొలి విడత 7,500 చొప్పున 52,30,939 మంది రైతులకు వేశారు. కౌలు రైతులకూ, దేవదాయ భూములు సాగు చేసే వాళ్లకూ సెప్టెంబరు 1న వేశారు. వాళ్లు 1,46,324 మంది. కలిపి చూస్తే నూటికి ముగ్గురు కూడా కాదు. పైగా మూడు నెలల ఆలస్యం. మన దగ్గర రెండో పంట అయిన ఎడగారు నాట్లు ఎండాకాలంలోనే అయిపోతాయి. సెప్టెంబరుకు ఆ పైరు కోతకొస్తుంది. విత్తనాలకని ఇచ్చే సొమ్ము కొడవలి వేళకు అందిందన్నమాట.

ఒక్క సంతకం

సాగుదారు హక్కు కార్డు కాగితాన్ని దగ్గరగా చూస్తే విషయం తేటపడుతుంది. ఒక వైపు పట్టాదారు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం. మరో వైపు సాగుదారు పేరు, ఆధార్. గడువు పదకొండు నెలలు. కింద ఇద్దరి సంతకాలు, గ్రామ రెవెన్యూ అధికారి ముందు. 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కాగితం ఇది. ఈ కాగితం వల్ల సాగుదారుకు భూమి మీద ఎలాంటి హక్కూ రాదని, పంట మీదే హక్కని చట్టంలోనే రాశారు. యజమానికి అంతకంటే భరోసా ఏం కావాలి?

అయినా సంతకం పడదు. కౌలు మాట్లాడుకునేటప్పుడు ఎకరాకు ఎన్ని పుట్లన్నది అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. కార్డు మాట ఎత్తగానే ఎదుటి మనిషి గొంతు మారుతుంది. "అయ్యా, కాగితం మీద ఓ సంతకం చేస్తే బ్యాంకోళ్లు అప్పిస్తారంట" అని కౌలు రైతు నసుగుతాడు. "ఇన్నేళ్లు లేంది ఇప్పుడెందుకబ్బాయా ఇయన్నీ? నీకు ఇబ్బందైతే చెప్పు, చేసుకునేదానికి ఇంకోళ్లున్నారు" అని సమాధానం. అక్కడితో ఆ మాట ముగుస్తుంది. వచ్చే ఏడు పొలం దక్కుతుందో లేదోనన్న భయం ముందు 13,500 గానీ 20,000 గానీ చిన్నవైపోతాయి.

2011లో వచ్చిన భూ అధీకృత సాగుదారుల చట్టానికి ఈ ఇబ్బంది లేదు. దాని కింద యజమాని సంతకం అడగకుండానే ఊళ్లో విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవాళ్లు. కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన ఏడాది అది. ఆ చట్టంలోనూ లోపాలున్నాయి, కార్డు చూపించినా బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనకాడాయి. కానీ సాగు చేస్తున్నాడా లేదా అన్న ఒక్క ప్రశ్నకు ఊరినే అడిగి జవాబు తీసుకుంది. 2019 చట్టం ఆ ప్రశ్నను యజమాని చేతికిచ్చింది. అక్కడే వెనక్కి వెళ్లామని నేను గట్టిగా నమ్ముతున్నాను.

యజమాని భయం ఎక్కడిది?

యజమానులందర్నీ దుర్మార్గులుగా చూపిస్తే నిజం సగమే చెప్పినట్టు. వాళ్ల భయానికి చరిత్ర ఉంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం, తర్వాత 1974లో దానికి చేసిన సవరణ కౌలుదారుకు కనీసం ఆరేళ్ల గడువు, సులభంగా ఖాళీ చేయించలేని రక్షణ ఇచ్చాయి. రక్షణ గట్టిగా ఉన్న కొద్దీ యజమానులు కాగితం రాయడం మానేశారు. నోటిమాట కౌళ్లు పెరిగాయి. ఏటా మనిషిని మార్చడం, ఒకే మనిషైనా కయ్యలు మార్చడం అలవాటైంది. కాగితం మీద పేరెక్కితే భూమి పోతుందన్న మాట తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం అని ఎంత చెప్పినా ఆ పాత భయం పోవడం లేదు.

ఇంకొంచెం వెనక్కి వెళితే ఈ జిల్లాలో మరో కథ ఉంది. నెల్లూరు వెంకటరామానాయుడు 1928లో ఇక్కడే జమీన్ రైతు పత్రిక పెట్టారు. వెంకటగిరి జమీందారీలో పొలం దున్నే రైతు గోడు వినిపించడానికి ఆ పత్రిక నిలబడింది. రైతు నాయకుడు ఎన్జీ రంగా వంటి వాళ్లు రైతులను కూడగట్టారు. దున్నేది ఒకరు, దస్తరంలో పేరు మరొకరిది అన్నదే నాటి తగువు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చి, సాగులో ఉన్న రైతులకు పట్టాలు దక్కే దారి పడింది. అలా పట్టా సంపాదించుకున్న ఇళ్ల మనవలు ఈరోజు పట్టణాల్లో స్థిరపడి పొలం కౌలుకిస్తున్నారు. తాతల పోరాటం తెలిసిన ఇళ్లు అవి. కయ్యలో కాలు పెట్టిన మనిషికి కాగితం ఎందుకు కావాలో వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

కాగితం బలం ఎంతటిదో తెలియాలంటే కావలి గుర్తు చేసుకుంటే చాలు. 2023 మే 12న అక్కడ చుక్కల భూములకు హక్కులిచ్చే కార్యక్రమం జరిగింది. వందేళ్ల కిందటి సెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టారన్న ఒక్క కారణానికి, తరాలుగా సాగులో ఉన్న కుటుంబాలు ఆ భూమిని అమ్ముకోలేక, తనఖా పెట్టుకోలేక నలిగిపోయాయి. ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం అవి 97,471 కుటుంబాలు, రెండు లక్షల ఎకరాల పైచిలుకు భూమి. వాళ్లు సాగులో ఉన్నారన్నది ప్రభుత్వానికి తెలియక కాదు. గడిలో లేరు, అంతే.

వరద వచ్చినప్పుడు

పెట్టుబడి సాయం అందకపోతే కౌలు రైతు అప్పు చేసి నెట్టుకొస్తాడు. పైరు పోయిన ఏడాది వస్తే అతనికి దారే ఉండదు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, జాతీయ రహదారి కొట్టుకుపోయినప్పుడు ఒడ్డు ఊళ్ల పొలాల్లో ఇసుక మేటలు వేసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరు తీర మండలాలను ముంచెత్తింది. మనకు రబీయే పెద్ద పంట. డిసెంబరు మొదటి వారమంటే నారుమళ్లు, కొత్త నాట్లు నీళ్లలో ఉన్న సమయం. ఆనాటి విపత్తు సహాయ నిబంధనల ప్రకారం మాగాణికి హెక్టారుకు 17,000 రూపాయల ఇన్‌పుట్ సబ్సిడీ రావాలి. అంటే ఎకరాకు 6,900 దాకా.

ఈ సబ్సిడీ సాగుదారుకే చెందాలన్నది నియమం. పంట నమోదు రికార్డు ఈ-క్రాప్‌లో ఎవరి పేరుంటే వాళ్లకు వస్తుంది. కార్డు లేని కౌలు రైతు పంట ఈ-క్రాప్‌లో ఎవరి పేరున నమోదవుతుంది? తేలికగా అయ్యేది పట్టాదారు పేరునే. అప్పుడు మునిగింది ఒకరి నాటు, పరిహారం ఇంకొకరి ఖాతాకు. కొందరు యజమానులు ఆ డబ్బు తీసి కౌలు రైతు చేతిలో పెడతారు. ఊళ్లలో అలాంటి మంచివాళ్ల పేర్లు చెప్పుకుంటారు కూడా. కానీ ప్రభుత్వ ధనం ఒకరి మంచితనం దాటి తనదాకా రావాలని కౌలు రైతు ఎదురుచూడాల్సిన స్థితి రాకూడదు.

మరి కౌలు సంగతి? మన దగ్గర ఎక్కువ కౌలు ఎకరాకు ఇన్ని పుట్లని ముందే తెగిపోతుంది. పండినా ఎండినా అంతే. నష్టమంతా సాగుదారుది. సాయం యజమానిది. ఇది ఎంత తిరగబడిన లెక్కో అమెరికా పద్ధతితో పోల్చి చూస్తే తెలుస్తుంది. అక్కడ పొలాన్ని నగదు కౌలుకు ఇచ్చేసిన యజమానికి పంట మీద నష్టభయం లేదు కాబట్టి ఆ పంట మీద వచ్చే ప్రభుత్వ చెల్లింపు కౌలు రైతుకే. పంటలో వాటా తీసుకునే యజమానికైతే ఆ వాటా మేరకు. అలాగని అక్కడ అంతా సవ్యంగా లేదు. బారెట్ కిర్వన్ అనే ఆర్థికవేత్త 2009లో ప్రచురించిన అధ్యయనంలో, సబ్సిడీ డాలరులో దాదాపు పావు వంతు కౌలు పెంపు రూపంలో యజమానికే చేరుతోందని తేల్చారు. కౌలు రైతు ఖాతాలో వేసినా పావలా జారిపోతుందంటే, నేరుగా యజమాని ఖాతాలో వేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఐరోపాలో ఎకరాల లెక్కన పంచి చూశారు. సొమ్ములో దాదాపు 80 శాతం 20 శాతం మందికే పోతోందని అక్కడి కమిషనే ఒప్పుకుంది. అప్పటి ఇంగ్లండ్ రాణి సాండ్రింగ్‌హామ్ ఎస్టేటు కూడా ఆ డబ్బు అందుకుంది. తెలంగాణ 2018లో రైతుబంధును ఎకరాకు ఇంతని, విస్తీర్ణానికి పరిమితి లేకుండా, కౌలు రైతు లేకుండా మొదలుపెట్టి ఆ దారే పట్టింది.

దేశంలో వేరే దారి లేదా అంటే ఉంది. ఒడిశా 2018 డిసెంబరులో ప్రకటించిన కాలియా పథకంలో కౌలు రైతులనూ, భూమి లేని వ్యవసాయ కుటుంబాలనూ కలిపింది. పశ్చిమ బెంగాల్ కృషక్ బంధులో నమోదైన వాటాదార్లు ఉన్నారు. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా వాళ్ల పేర్లను రిజిస్టరుకెక్కించి పెట్టింది కాబట్టి, నలభై ఏళ్ల తర్వాత వచ్చిన పథకానికి జాబితా సిద్ధంగా దొరికింది.

రొయ్యల చెరువుల సంగతీ ఒక మాట. తీర మండలాల్లో వరి కయ్యలు చెరువులైన చోట పెట్టుబడి సాయం ఉండదు, యూనిట్ రూపాయిన్నరకే కరెంటు ఇచ్చే రాయితీ ఉంటుంది. ఆక్వా జోన్‌లో పదెకరాల లోపు చెరువులకని హద్దు పెట్టారు. చెరువులూ చాలావరకు లీజులే. మీటరు ఎవరి పేరున ఉందో చూస్తే వరి కథే ఇక్కడా కనిపిస్తుంది.

ఎరువుల సబ్సిడీ ఒక్కటే కౌలు రైతుకు అడ్డు లేకుండా చేరుతోంది. 45 కిలోల యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలకు ఎవరు వేలిముద్ర వేసి కొన్నా దొరుకుతుంది. సబ్సిడీ కంపెనీకి వెళుతుంది, చౌక ధర కొన్నవాడికి దక్కుతుంది. కొరత లేని రోజుల్లో అయితే.

జాబితా చేతిలోనే ఉంది

కౌలు రైతు ఎవరో తెలుసుకోవడం కష్టమని అధికారులు అంటుంటారు. 1978లో బెంగాల్లో కష్టమే. మనకిప్పుడు ప్రతి ఊళ్లో రైతు సేవా కేంద్రం ఉంది. నిన్నటి దాకా రైతు భరోసా కేంద్రం అన్నాం. అందులో వ్యవసాయ సహాయకుడున్నాడు. పంట కాలంలో ఈ-క్రాప్ నమోదుకు ఫోను పట్టుకుని పొలానికి వెళతాడు. సర్వే నంబరు నొక్కుతాడు. నిలబడ్డ చోటును యాప్ పట్టుకుంటుంది. పంట పేరు, రకం, విత్తిన తేదీ రాసి ఫొటో తీస్తాడు. ఆ తర్వాత రైతు వేలిముద్ర. చివరికి జాబితా గోడకు అంటించి, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. గట్టు మీద ఎవరున్నారో ఆ అబ్బాయికి కళ్లారా తెలుసు. చాలా ఊళ్లలో అతనిది పక్క ఊరే. అతని ఫోనులో ఉన్న గడిలో వాస్తవం రాయనిస్తే చాలు.

నా అభిప్రాయంలో చేయాల్సింది ఇది. సాగుదారు పేరు నమోదుకు యజమాని సంతకం అక్కర్లేదనాలి. సహాయకుడి పరిశీలన, ఇరుగు పొరుగు పొలాల వాళ్ల సాక్ష్యం, గోడ మీద జాబితా, అభ్యంతరాల గడువు చాలు. ఆ నమోదు పంటకాలానికే పరిమితమని, కౌలుదారీ హక్కుకు రుజువు కాదని చట్టంలో పెద్ద అక్షరాలతో రాయాలి. ఇన్‌పుట్ సబ్సిడీ, బీమా, పెట్టుబడి సాయం, ధాన్యం డబ్బు నాలుగూ ఆ పేరునే వెళ్లాలి. కులం అడ్డు తీసేయాలి.

ఇక్కడ ఒక ఇబ్బంది నిజంగానే ఉంది. ఎకరం పొలం ఉన్న ముసలామె, భర్త పోయి, పిల్లలు దూరమై, చేసుకోలేక కౌలుకిస్తుంది. ఆమెకు ఆ 20,000 తిండి ఖర్చు. ఆమె నుంచి లాక్కోమని నేను అనను. ఆమెకు ఇచ్చేది సామాజిక పింఛనుగా, దాని పేరుతో ఇవ్వాలి. విత్తనానికీ ఎరువుకూ ఇచ్చేది విత్తనం చల్లే చేతికి వెళ్లాలి. రెండూ వేర్వేరు బాధ్యతలు. ఒకటి రెండోదాని సొమ్ములోంచి తీర్చకూడదు.

చట్టం మారేదాకా పాత కాగితమే దిక్కు. ఈ ఆదివారం ఈ పేజీ చదువుతున్న వాళ్లలో కోవూరులోనో, అల్లూరులోనో, ముత్తుకూరులోనో పొలం కౌలుకిచ్చి ఊరికి దూరంగా ఉన్న వాళ్లు తప్పక ఉంటారు. మీ కౌలు రైతు కార్డు కోసం అడిగితే సంతకం చేయండి. అతను అడగకపోతే మీరే అడగండి. భయపడి అడగడం మానేసి ఉంటాడు. ఒప్పందం పదకొండు నెలలకే, అదీ పంట వరకే. మీ 1-బీలో మీ పేరు అలాగే ఉంటుంది. ఊరికి రాలేకపోతే, ఈ-క్రాప్ నమోదు మొదలయ్యేలోపు రైతు సేవా కేంద్రానికి ఫోను చేసి ఆ సర్వే నంబరు ఎవరు చేస్తున్నారో చెప్పండి. కార్డుకు సంతకం ఎలా చేయాలో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.